నూనె చిందిన చేతికి కలబంద ఎలా వాడామంటే

మాది గుంటూరు బ్రాడీపేట. మొన్న మిరపకాయ బజ్జీలు వేస్తుంటే అమ్మ మణికట్టు మీద నూనె చిందింది, పక్కింటి పిన్నిగారు వెంటనే టూత్‌పేస్ట్ తెచ్చారు గానీ నేను రాయనివ్వలా, గాజులు తీయించి ట్యాప్ కింద 20 నిమిషాలు పెట్టించా, ఐస్ కూడా వద్దన్నా. బొబ్బ రాలేదు, ఎర్రగా కందింది అంతే. మంట తగ్గాక కలబంద మట్ట కోసి నిలబెట్టి ఆ పసుప్పచ్చ జిగురంతా కారనిచ్చా, అది చర్మానికి దురద పెడతది, తర్వాత కడిగి లోపలి తెల్ల గుజ్జు మాత్రమే పల్చగా రాశా. చల్లగా ఉందే అంది అమ్మ, మచ్చ కూడా పడలా. చర్మం ఊడితే మాత్రం పచ్చి పసర్లు పెట్టకండి, ఇన్ఫెక్షన్ వస్తది, అరచెయ్యి కంటే పెద్దగా కాలినా మొహం మీద కాలినా నేరుగా డాక్టరు దగ్గరికే వెళ్ళండి, ధనుర్వాతం రాకుండా వేసే టీటీ ఇంజెక్షన్ సంగతి కూడా అడగండి.