ఎండలో పని చేసి వచ్చి నొప్పుల గోలీ మింగొద్దు

పోయిన వారం మా డయాలసిస్ వార్డుకు మునుగోడు వైపు నుంచి ఒకాయన వచ్చాడు. మూడు రోజులు ఎండలో ఉపాధి హామీ పని చేశాడు. రోజున్నరగా మూత్రం రాలేదు. ఏమైనా మందులు వేసుకున్నవా అన్నా అని అడిగితే, "ఒళ్లు నొప్పులకు మెడికల్ షాపుల నాలుగు గోలీలు తెచ్చుకున్న సిస్టర్, గంతే" అన్నాడు.

ఆ "గంతే" గురించే ఇది రాస్తున్నాను. రోహిణి కార్తె వస్తోంది. గొడుగు పట్టుకోండి, మిట్టమధ్యాహ్నం తిరగకండి అని అందరూ చెప్తూనే ఉన్నారు. ప్రతి వేసవిలో నేను చూసే తప్పు వేరు. చెమటతో ఒళ్లు ఎండిపోయి ఉన్నప్పుడు నొప్పుల గోలీ మింగడం.

మన కిడ్నీలు రోజుకు దాదాపు 180 లీటర్లు వడగడతాయి. అందులో లీటరున్నర, రెండు లీటర్లే మూత్రంగా పోతుంది, మిగతాదంతా తిరిగి రక్తంలోకి చేరుతుంది. చెమట ఎక్కువగా పోతే మెదడు నుంచి వాసోప్రెసిన్ అనే హార్మోన్ వస్తుంది. అప్పుడు కిడ్నీలు నీటిని మరింత పట్టి ఉంచుతాయి. మూత్రం తగ్గి చిక్కబడేది అందుకే. ఎంత పొదుపు చేసినా, ఒంట్లోని మలినాలు పోవాలంటే రోజుకు కనీసం అర లీటరు మూత్రం రావాలి.

ఒంట్లో నీళ్లు బాగా తగ్గితే కిడ్నీకి వచ్చే రక్తం కూడా తగ్గుతుంది. అప్పుడు కిడ్నీ ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలను తయారు చేసుకుని, రక్తం లోపలికి తెచ్చే సన్నని నాళాన్ని తెరిచి ఉంచుకుంటుంది. దానికి ఆ సమయంలో ఉన్న పెద్ద ఆసరా అదే. నొప్పుల గోలీల్లో ఉండే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ సరిగ్గా ఆ పదార్థాలనే ఆపేస్తాయి. నాళం ముడుచుకుపోతుంది, వడపోత బాగా పడిపోతుంది.

మన నల్గొండ జిల్లాలో ఈ భయం ఇంకా ఎక్కువ. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు, మోకాళ్లు బిగుసుకుపోయిన పెద్దవాళ్లు మర్రిగూడ చుట్టుపక్కల ఎందరో. నొప్పుల గోలీ వాళ్లకు టీ లాగా రోజువారీ అలవాటైపోయింది. వాళ్లను నేను తప్పుపట్టను, ఆ నొప్పి అలాంటిది. కానీ వేసవిలో ఆ గోలీ ఆపడం గురించి ఇప్పుడే డాక్టర్‌తో మాట్లాడండి.

పని నుంచి రాగానే ముందు నీళ్లు, ఉప్పేసిన మజ్జిగ, అంబలి. ఆ తర్వాత నీడలో పడుకోండి. సగం నొప్పి అక్కడే తగ్గుతుంది.

అప్పటికీ తగ్గకపోతే పారాసిటమాల్ ఒకటి. లివర్ జబ్బున్నవాళ్లు, మద్యం తాగేవాళ్లు అదీ డాక్టర్‌ను అడగకుండా వేసుకోవద్దు.

వాంతులు, విరేచనాలు అయితే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్లలో కలిపి తాగండి. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చిన్న చెంచా, తలకొట్టి.

కల్లు దాహానికి మందు కాదు. మత్తు వాసోప్రెసిన్‌ను తగ్గిస్తుంది, ఉన్న నీళ్లూ పోతాయి.

ఆడవాళ్లు పని దగ్గర మరుగు లేదని పొద్దంతా నీళ్లు మానేస్తున్నారు. మానొద్దు. పని చూసే మేటును అడిగి చాటు కట్టించుకోండి.

బీపీ గోలీలు వాడేవాళ్లు వాంతులు, విరేచనాలు మొదలైన రోజే ఆ గోలీలు వేసుకోవాలా ఆపాలా అని డాక్టర్‌ను అడగండి.

కిడ్నీ జబ్బు, గుండె జబ్బు ఉన్నవాళ్లు బిందెలకొద్దీ తాగొద్దు, డాక్టర్ చెప్పిన లెక్క ప్రకారమే.

మాట తడబడి ఒళ్లు కాలిపోతుంటే అది వడదెబ్బ. ఏ గోలీ వద్దు. ఒళ్లు తడపండి, విసరండి, 108కి ఫోన్ చేయండి.

నొప్పుల సూది కూడా గోలీ లాంటిదే. ఆర్‌ఎంపీ దగ్గర అడిగి మరీ వేయించుకోవద్దు.

ఎండిన ఒంటికి నొప్పుల గోలీ వద్దు.

ఆరేడు గంటలు మూత్రం రాకపోతే తెల్లారేదాకా చూడొద్దు. ఆస్పత్రికి వెళ్లి క్రియాటినిన్ పరీక్ష (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) చేయమనండి. మింగిన గోలీల షీట్ జేబులో పెట్టుకుని వెళ్లండి.