అరెకిపాలో ఇన్కా మమ్మీ ‘హువానీతా’ను చూడటం ఎలా?

1995 సెప్టెంబరులో పెరూలోని అంపాతో పర్వతం మీద, 6,000 మీటర్లకు పైన, పురావస్తు పరిశోధకుడు యోహాన్ రైన్‌హార్డ్, పర్వతారోహకుడు మిగెల్ సారాతేలకు దొరికిన బాలిక దేహమే హువానీతా. స్పెయిన్ వాళ్లు రాకముందు పెరూను ఏలిన ఇన్కాల కాలం నాటిది. పక్కనున్న సబంకాయా అగ్నిపర్వతం చిమ్మిన వేడి బూడిద మంచును కరిగించడంతో సమాధి కూలి బయటపడింది. ఇప్పుడు అరెకిపా నగరంలో, ప్లాసా దె ఆర్మాస్‌ కూడలికి దగ్గర్లోని లా మెర్సెద్ వీధి మ్యూజియంలో ఉంది.

1. అన్నిటికంటే ముందు నెల చూసుకోండి

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. సాధారణంగా జనవరి నుంచి ఏప్రిల్ వరకు హువానీతాను ప్రదర్శన నుంచి తీసేసి సంరక్షణ పనులకు ఉంచుతారు. ఆ నెలల్లో అద్దం వెనక ఉండేది సారా సారా పర్వతం మీద దొరికిన మరో మమ్మీ ‘సారీతా’. అందుకే మే నుంచి డిసెంబరు లోపు వెళ్లండి. టికెట్ కొనేముందు కౌంటర్లో “ఎస్తా హువానీతా?” (హువానీతా ఉందా?) అని అడగండి.

2. ప్రయాణం

పెరూ రాజధాని లిమా నుంచి అరెకిపాకు విమానంలో సుమారు గంటన్నర. బస్సులో అయితే ఒక రాత్రంతా పడుతుంది. భారత పాస్‌పోర్టుకు పెరూ వీసా కావాలి. అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, షెంగెన్ దేశాల్లో దేనిదైనా కనీసం ఆరు నెలల గడువున్న వీసా ఉంటే మినహాయింపు ఉంది. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి రాయబార కార్యాలయంలో సరిచూసుకోండి. అరెకిపా దాదాపు 2,300 మీటర్ల ఎత్తులో ఉంది. మొదటిరోజు నెమ్మదిగా నడిస్తే చాలు.

టాక్సీలో మ్యూజియం పూర్తి పేరు “మ్యుసెయో సాంతువారియోస్ ఆందినోస్” అని చెప్పండి. ఊళ్లో వేరే పురావస్తు మ్యూజియం కూడా ఉంది, “మ్యుసెయో” అని ఊరుకుంటే అక్కడికి తీసుకెళ్లొచ్చు.

3. లోపలికి వెళ్లేముందు

ఫోన్, కెమెరా, బ్యాగు లాకర్లో పెట్టాలి. ఫొటోలకు అనుమతి లేదు. గైడ్ లేకుండా తిరగనివ్వరు, కాబట్టి ఇంగ్లిష్ గైడ్ కావాలని టికెట్ దగ్గరే చెప్పండి. గైడ్‌కిచ్చే డబ్బు టికెట్లో కలిసి ఉండదు. సోల్ (పెరూ కరెన్సీ) నోట్లు చిల్లరగా దగ్గర ఉంచుకోండి. పలచని స్వెట్టర్ వేసుకోండి, గదులు చల్లగా ఉంటాయి. మొత్తానికి గంట పైగా కేటాయించండి.

4. వస్తువుల గదుల్లో తొందరపడొద్దు

ముందు చిన్న సినిమా, తర్వాత సమాధుల్లో దొరికిన వస్తువులు, చివరగా హువానీతా. చాలామంది మధ్య గదులను పరుగున దాటేస్తారు. అసలు కథ తెలిసేది అక్కడే. ఇన్కాలు ఎంపిక చేసిన పిల్లలను కొండదేవతలకు బలిగా అర్పించే ‘కపకోచా’ క్రతువులో భాగంగా శిఖరాలకు తీసుకెళ్లేవారు. శాలువాను బిగించే ‘తుపు’ అనే లోహపు పిన్ను చూడండి. అరచేతిలో పట్టే బంగారు, వెండి బొమ్మలకు కూడా నేసిన బట్టలు తొడిగారు. ఎర్రటి స్పాండిలస్ గవ్వతో చేసిన బొమ్మ ఏదని గైడ్‌ను అడగండి. ఆ గవ్వ ఈక్వడార్ వైపు వెచ్చని సముద్రం నుంచి ఈ మంచుకొండకు చేరింది.

5. హువానీతా ముందు

మసక వెలుతురుకు కళ్లు అలవాటు పడేదాకా ఓ నిమిషం ఆగండి. దీపాలు పెంచమని అడగొద్దు. ఎక్కువ కాంతి బట్టల రంగులను, చర్మాన్ని దెబ్బతీస్తుంది. అద్దాల పేటికలో ఉష్ణోగ్రత సుమారు మైనస్ 20 డిగ్రీలు. గాజులో మీ నీడే కనిపిస్తుంటే కొంచెం పక్కకు జరగండి.

హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలోని ఈజిప్టు మమ్మీలా కట్లు ఉండవు. ఈజిప్టులో అవయవాలు తీసి, లవణంతో ఆరబెట్టి, గుడ్డ చుట్టేవారు. ఈమెను నిలిపింది చలే, లోపలి అవయవాలూ మిగిలాయి. మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంటుంది. సమాధి కూలాక ఎండ తగిలిన ముఖం ఎండిపోయింది, దుస్తుల చాటున ఉన్న దేహం గడ్డకట్టే ఉంది. 1996లో అమెరికాలో తీసిన సీటీ స్కాన్‌లో కుడికన్ను దగ్గర తలకు తగిలిన దెబ్బ కనిపించింది. బలిలో ఆమె ప్రాణం తీసింది అదేనని భావిస్తారు. పన్నెండు, పదిహేనేళ్ల మధ్య పిల్ల. మీ వెంట పిల్లలుంటే ఈ మాట వాళ్లకు బయటే చెప్పి తీసుకెళ్లండి. లోపల గొంతు తగ్గించి మాట్లాడండి.

6. వీలైతే మర్నాడు

కోల్కా లోయకు వెళ్లే దారిలో పాతపంపా కనుమ దగ్గర బండి ఆపించుకోండి. అక్కడ ఎత్తు 4,900 మీటర్లు, పరుగెత్తితే ఊపిరాడదు. ఆకాశం తేటగా ఉంటే అంపాతో, దాని పక్కనే పొగ కక్కే సబంకాయా కనిపిస్తాయి.