దీర్ఘకాలిక జబ్బు నుంచి కోలుకుంటున్నప్పుడు సర్వీస్ డాగ్ తెచ్చుకోవాలా? ఎలా నిర్ణయించుకోవాలి?

లాంగ్ కోవిడ్ (కోవిడ్ తగ్గాక కూడా నెలల తరబడి వేధించే జబ్బు), లూపస్ (రోగనిరోధక శక్తి సొంత శరీరంపైనే దాడి చేసే జబ్బు), పాట్స్ (లేచి నిలబడితే గుండె వేగం అతిగా పెరిగే జబ్బు), మూర్ఛ, టైప్ 1 మధుమేహం వంటి జబ్బులతో ఏళ్లు గడుపుతున్నవారికి ఎవరో ఒకరు సర్వీస్ డాగ్ సలహా ఇస్తారు, అంటే వైకల్యం ఉన్నవారికి పనుల్లో సాయపడేలా శిక్షణ పొందిన కుక్క. అమెరికాలో ఉంటున్న తెలుగువారు ఈ మాట మరీ తరచుగా వింటుంటారు. మంచి సలహానే. కుక్క సాయపడుతుందా అన్న ప్రశ్నకు జవాబు తేలికగానే దొరుకుతుంది. మీరు మంచం దిగలేని రోజున ఆ కుక్కను ఎవరు చూసుకుంటారన్నదే కష్టమైన ప్రశ్న. దానికి నిజాయితీగా జవాబు చెప్పుకోవడానికి ఈ కింది క్రమం పనికొస్తుంది. ఇక్కడ చెప్పే చట్టాలన్నీ అమెరికావి.

1. పనుల జాబితా రాయండి

రెండు మూడు వారాలు ఒక నోటుపుస్తకం దగ్గర పెట్టుకోండి. శరీరం ఎక్కడ సహకరించలేదో, ఆ క్షణంలో ఏ సాయం ఉంటే సరిపోయేదో రాసుకోండి. "నీరసంగా ఉంది" అని రాస్తే ఉపయోగం లేదు. "కిందపడిన తాళాల కోసం వంగితే కళ్లు తిరిగాయి", "మందులు పక్క గదిలో ఉండిపోయాయి, లేవలేకపోయాను" అన్నంత స్పష్టంగా ఉండాలి.

పాట్స్ సంగతే చూడండి. ఈ జబ్బున్న వయోజనులు లేచి నిలబడితే 10 నిమిషాల లోపే గుండె వేగం నిమిషానికి 30 సార్లు లేదా అంతకన్నా ఎక్కువ పెరుగుతుంది. వంగి లేవడమే వారికి గండం. శిక్షణ పొందిన కుక్క కిందపడినవి తీసి అందిస్తుంది, నీళ్ల సీసా తెస్తుంది, తలుపు తెరుస్తుంది, ఇంట్లో మరొకరిని పిలుచుకొస్తుంది.

ఇప్పుడు ప్రతి పనికీ ఎదురుగా, కుక్క లేకుండా అది జరిగే మార్గం ఉందేమో రాయండి. స్నానాల గదిలో కుర్చీ, వస్తువులు అందుకునే పొడవాటి పట్టుకర్ర, పడిపోతే కబురు పంపే చేతి గడియారం, రక్తంలో చక్కెర పడిపోతే మోగే గ్లూకోజ్ సెన్సర్ ఇలాంటివే. వీటితో జాబితా దాదాపు ఖాళీ అయితే, మీకు ఇప్పుడు కుక్క అవసరం లేదు.

ఒక హెచ్చరిక. మూర్ఛ వచ్చాక పక్కన ఉండి సాయం చేయడం కుక్కకు నేర్పవచ్చు. రాబోయే మూర్ఛను తప్పకుండా పసిగట్టేలా నేర్పగలమని ఎవరూ హామీ ఇవ్వలేరు. రక్తంలో చక్కెరను వాసనతో గుర్తించే విషయంలోనూ కుక్కకూ కుక్కకూ చాలా తేడా ఉంటుంది. నూటికి నూరుపాళ్లు హామీ ఇచ్చే శిక్షకుడికి డబ్బు కట్టకండి.

2. ఆ జాబితాతో డాక్టరును కలవండి

కోలుకుంటున్న మనిషి అవసరాలు మారిపోతుంటాయి. కుక్క మాత్రం ఎనిమిది నుంచి పదేళ్ల వయసు దాకా పనిలో ఉంటుంది, ఆ తర్వాత కూడా మీ ఇంట్లోనే ఉండవచ్చు. అందుకే ఏడాది తర్వాత ఈ జాబితాలో ఏవి మిగులుతాయని డాక్టరును సూటిగా అడగండి. చికిత్స ఇంకా మారుతూ ఉంటే ఆగడమే మేలని నా అభిప్రాయం.

రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నవారు, అవయవ మార్పిడి చేయించుకున్నవారు కుక్క నుంచి సోకే జబ్బుల గురించి ప్రత్యేకంగా మాట్లాడాలి. టీకాలు, నులిపురుగుల మందు సమయానికి వేయించడం, మలం ఎత్తే పని ఇంట్లో మరొకరికి అప్పగించడం వంటి జాగ్రత్తలు అవసరమవుతాయి. కుక్కపై బరువు మోపి లేవాలనుకుంటే ఫిజియోథెరపిస్టును, పశువైద్యుడిని ఇద్దరినీ అడగాలి. ఎముకలు పూర్తిగా ఎదగని కుక్కపై మనిషి బరువు పడితే దాని తుంటి, వెన్ను పాడవవచ్చు.

3. అతి చెడ్డ రోజును లెక్కలోకి తీసుకోండి

చాలామంది ఆరోగ్యం కాస్త బాగున్న వారంలో నిర్ణయం తీసుకుంటారు. అక్కడే ఇబ్బంది మొదలవుతుంది. కుక్కను రోజుకు మూడు నాలుగు సార్లు బయటికి తీసుకెళ్లాలి. మంచు కురుస్తున్నా, మీకు జ్వరం ఉన్నా తప్పదు. నేర్చుకున్న పనులు మరిచిపోకుండా రోజూ సాధన చేయించాలి. దువ్వాలి, గోళ్లు కత్తిరించాలి, పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి.

రోజూ నడవక తప్పదన్నది కొందరికి నిజంగా మేలు చేస్తుంది. అయితే శ్రమ చేసిన మరునాడో మూడోనాడో ఒక్కసారిగా కుప్పకూలిపోయే జబ్బు ఉన్నవారికి అదే నడక హాని. లాంగ్ కోవిడ్, మయాల్జిక్ ఎన్సెఫలోమైలైటిస్ (విడవని నిస్సత్తువ జబ్బు) ఉన్నవారు ఈ తేడాను తమ శరీరంలో గమనించి తీరాలి.

కాగితం మీద ఏడు రోజులూ గీసి, ఉదయం, మధ్యాహ్నం, రాత్రి ఎవరు బయటికి తీసుకెళ్తారో పేర్లు రాయండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల పేర్లు రాయకండి, వారు ఆరు నెలలకు వెళ్లిపోతారు. జీవిత భాగస్వామి పేరు రాసే ముందు అడగండి. ఇప్పటికే మీకు సేవ చేస్తూ అలసిన మనిషికి ఇది మరో బాధ్యత, కాదనే హక్కు వారికి ఉంది. ఖాళీలు మిగిలితే, డబ్బు తీసుకుని కుక్కలను నడిపించేవారికి నెలకు ఎంత ఇవ్వగలరో లెక్క వేయండి.

వీలైతే స్నేహితుల కుక్కను కొన్నాళ్లు మీ ఇంట్లో ఉంచుకోండి. మధ్యలో ఒక చెడ్డ రోజు వచ్చేదాకా ఉంచుకుంటేనే అసలు సంగతి తెలుస్తుంది.

4. చట్టం ఏమంటుందో తెలుసుకోండి

1990లో వచ్చిన అమెరికన్స్ విత్ డిజెబిలిటీస్ చట్టం ప్రకారం, వైకల్యానికి సంబంధించిన నిర్దిష్టమైన పని చేసేలా శిక్షణ పొందిన కుక్కే సర్వీస్ డాగ్. పక్కన ఉండి ధైర్యాన్నివ్వడం ఎంత విలువైనదైనా ఈ చట్టం కింద పని కాదు. మీకు కావలసింది ఆ తోడే అయితే మామూలు పెంపుడు కుక్క చాలు, ఖర్చూ తక్కువ.

హోటల్లోనో దుకాణంలోనో సిబ్బంది రెండే ప్రశ్నలు అడగవచ్చు: ఇది వైకల్యం వల్ల అవసరమైన సర్వీస్ డాగేనా? ఏ పనికి శిక్షణ పొందింది? ధ్రువపత్రం అడగకూడదు. ఆన్‌లైన్‌లో అమ్మే రిజిస్ట్రేషన్ కార్డులకు చట్టపరంగా ఏ విలువా లేదు, కొనకండి.

5. డబ్బు, కాలం

శిక్షణకు సుమారు రెండేళ్లు పడుతుంది. కొనుక్కుంటే 15 వేల నుంచి 50 వేల డాలర్ల దాకా చెబుతారు. ఆరోగ్య బీమా సాధారణంగా ఇవ్వదు. కెనైన్ కంపానియన్స్ వంటి సంస్థలు అర్హులకు ఉచితంగా ఇస్తాయి, కానీ చాలాకాలం ఎదురుచూడాలి. ఇలాంటి సంస్థల ప్రమాణాలను పరిశీలించి గుర్తింపునిచ్చే అసిస్టెన్స్ డాగ్స్ ఇంటర్నేషనల్ గుర్తింపు ఉన్న సంస్థలతో మొదలుపెట్టడం క్షేమం. సొంతంగా శిక్షణ ఇవ్వడానికీ చట్టం ఒప్పుకుంటుంది, కానీ జబ్బుతో ఉన్న మనిషికి అది చాలా బరువైన దారి. సర్వీస్ డాగ్ తిండి, వైద్యం ఖర్చులను పన్ను లెక్కల్లో వైద్య ఖర్చులుగా చూపవచ్చు.

6. ఇల్లు, గుడి, ఇండియా ప్రయాణం

పూజగది, వంటిల్లు విషయంలో ఇంట్లో పెద్దలతో ముందే మాట్లాడండి. మత సంస్థలకు పైన చెప్పిన 1990 నాటి చట్టంలో మినహాయింపు ఉంది కాబట్టి గుడిలోకి కుక్కను రానివ్వాలన్న నియమం లేదు. మీరు తరచుగా వెళ్లే ఆలయంలో ముందుగా అడిగి చూడండి.

విమానంలో కుక్క మీ కాళ్ల దగ్గరి చోటులో ఇమడాలి. ప్రయాణం 8 గంటలు దాటితే, అంతసేపు అది మలమూత్రాలు ఆపుకోగలదని లేదా శుభ్రంగా తీర్చుకోగలదని విమాన సంస్థ మీ నుంచి రాతపూర్వక హామీ కోరవచ్చు. రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల జాబితాలో ఇండియా ఉంది. 2024 ఆగస్టు 1 నుంచి అమలులో ఉన్న నిబంధనల వల్ల, కుక్కను తిరిగి అమెరికాకు తీసుకురావాలంటే, అమెరికాలో వేయించిన రేబిస్ టీకాకు ధ్రువీకరణ అమెరికా నుంచి బయలుదేరే ముందే చేయించుకోవాలి. ఏటా ఊరికి వెళ్లేవారు, కుక్క లేకుండా ఆ నెల రోజులు గడపగలరో లేదో ఆలోచించాలి.

7. నిర్ణయం

పనుల జాబితా నిండుగా ఉండి, డాక్టరు సరేనని, వారపు కాగితంలో ఖాళీలు లేకపోతే, ఒకటికి రెండు సంస్థలకు దరఖాస్తు పెట్టండి. కుక్క వచ్చేలోగా పరికరాలతో సర్దుకోండి. జాబితా నిండుగా ఉండి మనుషులే లేకపోతే, ముందు కుర్చీ, గడియారం, సెన్సర్ వంటివి సమకూర్చుకోండి, ఇంటిపనికి మనిషిని పెట్టుకోండి. ఆరు నెలల తర్వాత అదే నోటుపుస్తకం మళ్లీ మొదలుపెట్టి, రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి డాక్టరుకు చూపించండి.