ఆట రానోళ్ల గంట: డిగ్రీ కాలేజీ గ్రౌండుకు పిల్లల్ని రప్పించడం ఎలా

నేను హనుమకొండలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌ని. పిల్లలకు పీడీ మేడంని. 22 ఏళ్ల సర్వీసు. అందులో మొదటి తొమ్మిదేళ్లు నేను చేసిన పని, గ్రౌండుకు వచ్చినవాళ్లను వెనక్కి పంపడం.

జూలై నెలాఖరున నోటీసు పెట్టేదాన్ని: "కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ సెలక్షన్స్. ఆసక్తి గలవారు హాజరు కాగలరు." ఎనభై మంది దాకా వచ్చేవాళ్లు. రెండు రోజుల్లో ఆటకు పన్నెండు మందిని ఏరుకుని, మిగిలినవాళ్లకు "వచ్చే ఏడు చూద్దాం" అని చెప్పేదాన్ని. వచ్చే ఏడు వాళ్లలో ఒక్కరూ రాలేదు. ఎందుకొస్తారు? స్టాఫ్ రూములో మాత్రం "ఈ కాలం పిల్లలకు ఫోన్లు తప్ప ఆటలు పట్టవండీ" అని అందరికంటే గట్టిగా అన్నది నేనే.

ఇప్పుడు కొత్తగా చేరిన పీడీలు, స్పోర్ట్స్ సెక్రటరీలైన పిల్లలు అడుగుతుంటారు, మీ గ్రౌండులో అంతమంది ఎట్ల ఉంటరు మేడం అని. వాళ్ల కోసం ఇది.

ముందు గేటు దగ్గర కూర్చోండి

పోస్టర్లు తర్వాత. వాట్సాప్ గ్రూపులు తర్వాత. ఒక పొడుగు నోట్‌బుక్కు తీసుకుని వారం రోజులు, మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా, వాచ్‌మన్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి. ఎవరు ఎన్నింటికి బయటికి పోతున్నారు, ఏ బస్సుకు పోతున్నారు, అది దిగాక ఊరికి ఎట్లా చేరతారు, ఇంతే రాయండి.

నేను కూర్చున్నప్పుడు తేలిందేమిటంటే, మా ప్రాక్టీసు నాలుగున్నరకు, నర్సంపేట వైపు బస్సు నాలుగూ ఇరవైకి. అది తప్పితే తర్వాతి బస్సులో కాలు పెట్టే సందు ఉండదు. అది దిగేసరికి ఊళ్లోకి పోయే ఆటోలు ఆగిపోతాయి. పరకాల వైపూ అదే కథ. అంటే నేను ఇన్నేళ్లూ హాస్టల్ పిల్లలకు, హనుమకొండ ఊళ్లోనే ఉండేవాళ్లకు మాత్రమే ఆటలు నడిపాను. మిగతావాళ్లకు ఆసక్తి లేదనుకున్నాను కానీ, లేనిది బస్సు.

2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద తెలంగాణలో ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టుకు డబ్బు కట్టే పని లేకుండా పోయింది. అది మాకు పెద్ద మేలే చేసింది. పాసు ఏ రూటుకు ఉందన్న గొడవ తీరింది. కానీ బస్సు దిగాక ఆ చివరి నాలుగు కిలోమీటర్లు అట్లాగే ఉన్నాయి. మీ దగ్గర కూడా లెక్క ఆ నాలుగు కిలోమీటర్ల నుంచే మొదలుపెట్టండి.

నోట్‌బుక్కును ప్రిన్సిపల్ గారి బల్ల మీద పెట్టి, మంగళ, గురువారాల్లో చివరి పీరియడ్ అడిగాను. మొదట కాదన్నారు. రెండో వారం నోట్‌బుక్కు వాళ్ల దగ్గరే వదిలేసి వచ్చాను. మూడో వారం టైంటేబుల్ మారింది. ఇప్పుడు మా ప్రాక్టీసు 3:15 నుంచి 4:05. యాభై నిమిషాలే, కానీ అందరికీ.

మొదటి నెల సెలక్షన్ మాట ఎత్తొద్దు

మంగళవారం గంటకు "ఆట రానోళ్ల గంట" అని పేరు పెట్టాను. స్కూల్లో జిల్లా స్థాయి ఆడి వచ్చినవాళ్లకు ఆ రోజు ప్రవేశం లేదు. వస్తే బంతులు అందించాలి, నోరు మెదపకూడదు. పేరు చూసి కొందరు లెక్చరర్లు నవ్వారు. ఆ పేరే పిల్లల్ని లాక్కొచ్చింది. "నాకు రాదు" అనే సాకు అక్కడ చెల్లదు కదా, రాకపోవడమే అర్హత.

మొదటి రెండు వారాలు ఏడుపెంకులాట. టెన్నిస్ బంతి, ఏడు పెంకులు, ఖర్చు సున్నా. బంతి తగలకుండా నడుము వంచడం, పక్కకు దుమకడం, వెనక్కి చూసుకుంటూ ఉరకడం, ఖోఖోకు కబడ్డీకి కావలసిన కాళ్లు ఇందులోనే తయారవుతాయి. చిర్రగోనె (గిల్లీదండ) కూడా పెట్టి చూశాను, అరవై మంది మధ్య కట్టె గాల్లోకి లేస్తుంటే నాకే గుండె దడ పుట్టి మానేశాను.

మూడో వారం పిల్లల చేతే కబడ్డీ కోర్టు గీయించండి. ఈ ఒక్కటి దయచేసి అటెండర్‌కు అప్పజెప్పొద్దు. ఆడపిల్లల కోర్టు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. మగపిల్లలది 13, 10. నాలుగు మేకులు, నులక తాడు, టేపు, బకెట్లో తడి సున్నం. రాళ్లు ఏరి, నీళ్లు చల్లి, తాడు బిగించి గీత గీస్తారు. చూస్తే సరిగ్గానే ఉంటుంది, కానీ ఎక్కడో వంకర. మూలలు కుదిరాయో లేదో ఎట్లా తెలుస్తుందని అడిగాను ఒకసారి. అందరూ నా మొహం చూశారు. వెనక నిలబడ్డ ఒక పిల్ల, బీఎస్సీ మ్యాథ్స్ మొదటి సంవత్సరం, అరచేతి మీద పెన్నుతో ఏదో రాసుకుని, "మేడం, ఈ మూల నుంచి ఆ మూలకు 14 మీటర్ల 42 సెంటీమీటర్లు రావాలె, రెండు దిక్కులా" అంది. కొలిచాం. ఒకవైపు 14.42, ఇంకోవైపు 14.20. మేకు పీకి మళ్లీ పాతాం.

ఆ పిల్ల మొదటి రోజే నాతో చెప్పింది, "నేను ఆడ మేడం, స్కోరు రాస్త" అని. రాసింది. మూడేళ్లూ రాసింది. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని 30 సెకన్ల రైడ్, అంటే ఒక్కో కూతకు ఉండే టైం, పట్టేది. రెండో ఏడు ఇంటర్ క్లాస్ మ్యాచులకు విజిల్ కూడా ఆమెదే. కూతకు మాత్రం ఒక్కసారీ పోలేదు. మా క్లబ్బు రిజిస్టర్‌లో ఆమె పేరు ఆటగాళ్ల వరుసలోనే ఉంటుంది. స్కోరు రాసేవాళ్లు, గీతలు గీసేవాళ్లు, లైన్ దగ్గర నిలబడేవాళ్లు, ఫొటోలు తీసేవాళ్లు, వీళ్లందరినీ లెక్కలోకి తీసుకోండి. ఒక్కొక్కరు ఇద్దరు స్నేహితుల్ని వెంటేసుకుని వస్తారు.

గడియ ఉన్న గది

చిన్న విషయంలా కనబడుతుంది, కాదు. బట్టలు మార్చుకోవడానికి గది లేకపోతే ఆడపిల్లలు రారు. గది ఉండి తలుపుకు గడియ లేకపోయినా రారు. మా దగ్గర గడియ బిగించడానికి అయిన ఖర్చు ఒక వాలీబాల్ ఖరీదులో నాలుగో వంతు. లోపల ఒక అద్దం, మేకులు, శానిటరీ ప్యాడ్లు, ఒక బకెట్టు నీళ్లు. చున్నీతో వచ్చే పిల్లకు ట్రాక్ ప్యాంట్ కావాలి కదా, అందుకని పాస్ అయి వెళ్లేవాళ్లను ఒక జత ఉతికి ఇచ్చిపొమ్మంటాను. బూట్లు కూడా. సైజు రాసి అటక మీద పెడతాం. ఉత్త కాళ్లతో ఆడతామంటే మట్టి కోర్టు మీద సరే, సిమెంటు మీద ఒప్పుకోను.

నాన్నకు ఫోన్ మీరే చేయండి

సర్క్యులర్ మీద సంతకం పెట్టించుకు రమ్మంటే పిల్లలే పెట్టుకొస్తారు. నేనూ చదువుకునే రోజుల్లో అదే చేశాను. అందుకే ఫోన్ చేస్తాను.

"అన్నా, కాలేజీ నుంచి పీడీ మేడంను మాట్లాడుతున్న."

"ఏమైంది మేడం, పిల్ల మంచిగనే ఉన్నదా?"

"మంచిగున్నది. కబడ్డీ ఆడుతాంది. నీకు చెప్పి ఆడిద్దామని."

కాసేపు మాట లేదు. "ఆడివిల్లకు కబడ్డీ ఏంది మేడం? కాలో చెయ్యో ఇరిగితే రేపు లగ్గమెట్ల చేయాలె?"

ఇక్కడ ఉపన్యాసం మొదలుపెట్టొద్దు. ఏషియన్ గేమ్స్‌లో 2010 నుంచి ఆడవాళ్ల కబడ్డీ ఉందని చెప్పి చూశాను, ఆయనకు దాంతో పనిలేదు. పనికొచ్చేది ఒకటే: "ఒక్కనాడు వచ్చి చూడు అన్నా. నచ్చకుంటే నీ వెంటే తీస్కపో." గురువారం వచ్చాడు. భుజాన తువ్వాల, వేపచెట్టు కింద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కూతురు కూతకు పోయింది, ఊపిరి ఆగక గీత దాకా వెళ్లి వెనక్కి వచ్చేసింది. "దమ్ము నిలుపు బిడ్డా, కూత పలుచనైతాంది!" అని అక్కణ్నుంచే అరిచాడు. తీరా చూస్తే వాళ్ల ఊరి జట్టులో పదేళ్లు ఆడిన మనిషి. అందరు నాన్నలూ ఇట్లా తిరగరు. కొందరు వచ్చి చూసి నిజంగానే తీసుకుపోయారు. కానీ మాట ఇచ్చినట్టు ఆరున్నరలోపు పిల్ల ఇంట్లో ఉంటే, ఆ ఊరి నుంచి రెండో పిల్ల వస్తుంది. ఇది చాలాసార్లు చూశాను.

బస్సు రూట్ల లీగ్

మామూలుగా ఇంటర్ క్లాస్ పోటీలు బీకాం, బీఎస్సీ, బీఏ అని జరుగుతాయి. బీకాం వాళ్లు మూడు సెక్షన్లు ఉంటారు కాబట్టి వాళ్లే గెలుస్తారు. నేను రూట్ల వారీగా జట్లు కట్టాను: నర్సంపేట రూటు, పరకాల, ములుగు, వర్ధన్నపేట, జనగామ, హాస్టల్, ఊళ్లోవాళ్లు. ఎట్లాగూ రోజూ ఒకే బస్సులో గంటసేపు నిలబడి వస్తారు, సీనియర్లు జూనియర్లు అన్న తేడా అక్కడే పోతుంది. సాయంత్రం ఆలస్యమైతే అందరూ కలిసే పోతారు, ఇంట్లో వాళ్లకూ ధైర్యం. ప్రాక్టీసుకు ఎవరు రాలేదో కెప్టెన్‌కు బస్సులోనే తెలుస్తుంది.

నిబంధనలు రెండే. జట్టులో పన్నెండు మంది ఉంటే కనీసం అయిదుగురు ఇంతకుముందు ఎక్కడా ఆడనివాళ్లు కావాలి. పన్నెండు మందీ ఏదో ఒక సగంలో కోర్టులోకి దిగాలి. బాగా ఆడేవాళ్లు దీనికి గొణుగుతారు. వాళ్లకు గురువారాలు ఉన్నాయి, సెప్టెంబర్ నుంచి ఇంటర్ కాలేజ్ టోర్నమెంట్లు, కాకతీయ యూనివర్సిటీ సెలక్షన్లు, అదృష్టం బాగుంటే సౌత్ జోన్ యూనివర్సిటీల పోటీలు ఉన్నాయి. వాళ్లను నేనేమీ వదిలేయలేదు. నిజానికి ఆట రానోళ్ల గంటలో మొదలైన ఇద్దరు యూనివర్సిటీ జట్టు దాకా పోయారు. పాత పద్ధతిలో అయితే రెండో రోజే పంపేసేదాన్ని.

కప్పుల మీద డబ్బు తగలేయొద్దు. స్పోర్ట్స్ ఫీజులో మిగిలింది బంతులకు, గుడాలకు. మ్యాచ్ అయ్యాక ఉడకబెట్టిన శనగ గుడాలు, అరటిపండు పెడితే ఆ రోజు హాజరు వేరు. పొద్దున ఏడింటికి ఇంట్లో తిని బయల్దేరిన పిల్లలు మరి.

హాజరు విషయం ఒక్క మాట. టోర్నమెంటుకు పోయే పిల్లల జాబితా, హాల్ టికెట్ నంబర్లతో సహా, రెండు రోజుల ముందే ప్రతి డిపార్ట్‌మెంటుకు ఇవ్వండి. వచ్చాక ఇస్తే అది అడుక్కోవడమవుతుంది. 75 శాతం హాజరు దగ్గర ఒక పిల్లాడు ఇరుక్కుంటే, వాడి రూటు మొత్తం ఆటలు మానేస్తుంది. కామర్స్ మేడం ఒకరు సంతకాలకు బాగా సతాయించేవారు. లీగ్ ఫైనల్‌కు టైం కీపర్‌గా కూర్చోబెట్టాను. ఇప్పుడు ఆవిడే జాబితా ఏదని అడుగుతున్నారు.

బతుకమ్మ, దసరా సెలవుల తర్వాత సగం మంది తగ్గుతారు, కంగారు పడొద్దు. గ్రూపులో "అందరూ తప్పక హాజరు కావాలి" అని పెడితే ఎవరూ కదలరు. "పరకాల రూటుకు ఇద్దరు తక్కువైతున్నరు, శ్రావణీ నువ్వొస్తవా" అని పేరుపెట్టి అడిగితే వస్తారు. ఆ మెసేజ్ నేను పెట్టను, కెప్టెన్ పెట్టాలి. కెప్టెన్ అంటే బాగా ఆడేవాళ్లే కానక్కర్లేదు, బస్సులో అందరితో మాట్లాడేవాళ్లు కావాలి.

ఇంకొకటి, స్పోర్ట్స్ రూము తాళంచెవి. పద్దెనిమిదేళ్లు అది నా హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంది. నేను సెలవు పెడితే ఆట లేదు. నాలుగేళ్ల కింద ఒక రెండో సంవత్సరం పిల్లాడి చేతిలో పెట్టాను, రిజిస్టర్‌లో రాసి తీసుకోండి, రాసి పెట్టండి అని. ఈ నాలుగేళ్లలో రెండు వాలీబాళ్లు లెక్క తగ్గాయి. ఒకటి ఎటుపోయిందో తెలియదు. రెండోది కెమిస్ట్రీ ల్యాబ్ రేకుల మీద ఉంది, కిటికీలోంచి కనబడుతూనే ఉంటుంది, నిచ్చెన దొరకాలి.