బండి ఆయిల్ తాగుతుంటే పిస్టన్ రింగులు ఎలా వేయాలి?

స్ప్లెండర్ ఇంజన్ మీదే చెప్తా, 97.2 సీసీ, బోరు (పిస్టన్ ఆడే సిలిండర్ రంధ్రం) 50 ఎంఎం, నా చేతిలో ఎక్కువగా నలిగింది అదే. ఆయిల్ కాలిన నీలం పొగ కనిపించగానే రింగులు పోయాయని బ్లాక్ (సిలిండర్) ఊడదీయకండి. రాత్రంతా ఆగిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే పొగ గుప్పుమని కొట్టి, తర్వాత పొగ ఆగిపోతే అది వాల్వ్ సీల్, అంటే హెడ్‌లో వాల్వ్ పక్కనుంచి ఆయిల్ దిగకుండా ఆపే రబ్బరు. రేస్ ఇచ్చి ఎత్తు ఎక్కుతున్నంతసేపూ పొగ వస్తుంటే అప్పుడు రింగుల మీదా బోరు మీదా అనుమానపడండి. చిక్కటి ఆయిల్ పోస్తే పొగ తగ్గుద్దని సలహా ఇచ్చేవాళ్ళ మాట అస్సలు వినొద్దు.

రింగు సెట్, హెడ్ బ్లాక్ ప్యాకింగులు, కొత్త సర్‌క్లిప్‌లు (పిస్టన్ పిన్ను జారకుండా పట్టే తీగ క్లిప్పులు), ఫీలర్ గేజ్ (గ్యాప్ కొలిచే పల్చటి ఆకులు), స్పానర్లు చాలు. హెడ్ విప్పి, బ్లాక్ లాగి, క్రాంక్‌కేస్ (బ్లాక్ కింది ఇంజన్ పెట్టె) నోట్లో గుడ్డ కుక్కి పిస్టన్ తీయండి. గుడ్డ పెట్టకపోతే సర్‌క్లిప్ లోపల పడుద్ది, ఆ రోజంతా దానికే సరి.

బోరు పై అంచు దగ్గర గోటికి మెట్టులా తగిలితే రింగులతో పని జరగదు, బోరింగ్ షాపుకిచ్చి 0.25 ఎంఎం ఓవర్‌సైజ్ (పెద్ద సైజు) పిస్టన్ వేయించాల్సిందే. మెట్టు లేకుండా అద్దంలా మెరుస్తుంటే హోనింగ్ (రాయితో గోడ మీద సన్నటి గీతలు వేయడం) చాలు, ఆ అడ్డదిడ్డం గీతల్లోనే ఆయిల్ నిలబడుద్ది. హోనింగ్ అయ్యాక చాలామంది పెట్రోల్‌తో కడిగి వదిలేస్తారు, గీతల్లో పొడి అలాగే ఉండిపోద్ది. సబ్బు, వేడినీళ్ళతో తోమి, తెల్ల గుడ్డతో తుడిస్తే మరక పడనంతవరకూ కడిగి, వెంటనే ఆయిల్ రాయండి.

పైన వచ్చే రెండు రింగుల్నీ ఒక్కోటీ బోరులో పెట్టి, పిస్టన్‌తో నెట్టి సమంగా చేసి రింగు రెండు కొసల మధ్య గ్యాప్ ఫీలర్ గేజ్‌తో చూడండి, 0.15 నుంచి 0.20 ఎంఎం ఉంటే నాకు చాలు. పిస్టన్ గాళ్ళలో మసి గీకేయండి, ముఖ్యంగా కింది గాడిలో ఉండే చిన్న రంధ్రాలు. రింగు గీకిన ఆయిల్ కిందికి పోయేది వాటిలోంచే, అవి మూసుకుపోతే ఎంత మంచి రింగు వేసినా దండగ.

ఇక అందరూ చెడగొట్టేది ఆయిల్ రింగ్ దగ్గరే. అది మూడు ముక్కలు: మధ్యలో వంకరటింకర స్ప్రింగ్ లాంటి ఎక్స్‌పాండర్, దానికి పైనొకటి కిందొకటి పల్చటి రెయిళ్ళు (స్టీల్ చుట్లు). గోడకి ఆని ఆయిల్ గీకేది రెయిళ్ళే గానీ వాటిని బయటికి తోసే బలం ఎక్స్‌పాండర్‌ది. దాని రెండు మొనలూ ఎదురెదురుగా తగిలి ఆగాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. ఎక్కిందంటే చుట్టుకొలత తగ్గిపోయి బిగువు పోద్ది, రెయిళ్ళు గోడని పట్టవు. ఇంకొంతమంది మొనలు గుద్దుకుంటున్నాయి, పొడవెక్కువైందని కట్టర్‌తో కత్తిరిస్తారు, వాళ్ళని ఏమనాలో నాకు తెలీదు. అది అంత పొడవుండబట్టే కదా బయటికి తోసేది! కొన్ని కంపెనీల సెట్లలో మొనలకి రంగు కూడా వేసి ఇస్తారు, రెండు రంగులూ కనిపిస్తే సరిగ్గా ఉన్నట్టు.

రెయిళ్ళు ఎక్కించేటప్పుడే మొన జారి ఎక్కేస్తది, మనకి తెలియను కూడా తెలీదు. కింది రెయిల్ పెట్టాక చూడండి, పైది పెట్టాక చూడండి, బ్లాక్ దించే ముందు మళ్ళీ చూడండి. ఓసారి కరెంటు పోయి సెల్లు లైట్‌లో పెట్టా, చూసుకోలేదు, బండి ముందుకంటే ఎక్కువ పొగ కొట్టింది, సొంత ఖర్చుతో మళ్ళీ విప్పా. రెయిళ్ళ గ్యాప్‌లు ఎక్స్‌పాండర్ అతుకుకి చెరో పక్కన 20 ఎంఎం దూరంలో ఉంచండి.

రెండో రింగు అక్షరం పైకే ఉండాలి. దాని ముఖం కొంచెం ఏటవాలు, కింది అంచుతో ఆయిల్‌ని కిందికి గీకుద్ది, తిరగేస్తే అదే ఆయిల్‌ని పైకి ఎక్కిస్తది. పై రెండు రింగుల గ్యాప్‌లు ఒకే లైన్లో పెట్టొద్దు. రింగ్ ప్లయర్ వద్దు, వేళ్ళతోనే చేయాలి, రింగు ఎంత సాగుతుందో చేతికి తెలుస్తది.

పిస్టన్ మీదున్న ఐఎన్ (IN) గుర్తు ఇన్‌లెట్ (కార్బురేటర్) వైపు పెట్టి పిస్టన్ బిగించి, రింగులు వేళ్ళతో నొక్కుతూ బ్లాక్ దించండి, అడ్డం తగిలితే సుత్తి జోలికి పోకుండా వెనక్కి లాగి చూడండి. స్టార్ట్ చేశాక గంటసేపు ఐడిల్‌లో ఉంచొద్దు, రోడ్డు మీదికి తీసి రేస్ పెంచుతూ తగ్గిస్తూ నడపండి. 500 కిలోమీటర్లకి ఆయిల్ మార్చి, అప్పట్నుంచి వారానికోసారి డిప్‌స్టిక్ చూడండి, మర తిప్పకుండా ఊరికే ఆనించి.