టర్బో కారుకు ఎయిర్ ఇంటేక్ కొనే ముందు రెండొందల థర్మామీటర్

సిగ్నల్ దగ్గర ఐదు నిమిషాలు ఆగితే చాలు, కొత్త ఓపెన్ కోన్ ఫిల్టర్ (చుట్టూ బాక్స్ లేని, గరాటు ఆకారపు ఎయిర్ ఫిల్టర్) ఉన్న మా స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ కారు మొద్దుబారిపోయేది. ఫిల్టర్ పీల్చేది ఇంజిన్ వేడిగాలినే కదా.

చేపల తొట్టెలో వాడే వైరు థర్మామీటర్ రెండొందల రూపాయల లోపే దొరుకుతుంది. ముందు కారుతో వచ్చిన కంపెనీ ఎయిర్ ఫిల్టర్ బాక్సే బిగించి, ప్రోబ్‌ని (వైరు చివర వేడిని కొలిచే ముక్కని) ఫిల్టర్‌కు ముందువైపు, అంటే మురికి గాలి వచ్చే వైపు టేపుతో గట్టిగా అంటించండి. ఫిల్టర్ దాటాక మాత్రం వద్దు, ఊడితే నేరుగా టర్బోలోకే పోతుంది. వైరు బయటికి తీసి 20 నిమిషాలు నడపండి, 5 నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచండి, మళ్లీ 60 స్పీడులో 2 నిమిషాలు పోనివ్వండి. చదివేటప్పుడు పక్కన ఎవరైనా ఉండాలి.

బయటి వేడి కన్నా 5, 6 డిగ్రీలే ఎక్కువ చూపిస్తే కంపెనీ బాక్స్ బాగానే ఉన్నట్టు, అందులోనే మంచి ప్యానెల్ ఫిల్టర్ (బాక్స్‌లో పట్టే బల్లపరుపు ఫిల్టర్) వేస్తే సరి. 15 దాటితే మూతున్న బాక్స్, ముందు గ్రిల్ నుంచి గాలి తెచ్చే డక్ట్ (గొట్టం) ఉన్న ఇంటేకే చూడండి. మూత చుట్టూ రబ్బరు సీల్ ఉందో లేదో వేలితో తడిమి మరీ కొనండి.

తెల్లవారుజామున, వానలో కొలవకండి. అప్పుడు ఏ ఇంటేకైనా బాగున్నట్టే కనిపిస్తుంది.