నేల ఉసిరిలో ఏది ఏదో తేల్చడం ఎలా?

తొలకరి పడి నెల తిరిగేసరికి అనంతపురం వేరుశనగ చేలలో, కర్నూలు రేగడి గట్ల మీద, కడప పెరళ్లలో నేల ఉసిరి కనిపిస్తుంది. నిజానికి ఆ ఒక్క పేరుతో పిలిచేవి మూడు నాలుగు జాతులు. మందుకని పీకిన కట్టలో అన్నీ కలిసిపోతాయి. ఎండి ఆకు రాలాక వాటిని విడదీయడం చాలా కష్టం. అందుకే పచ్చిగా, పొలంలోనే తేల్చుకోవాలి.

పది రెట్లు పెద్దది చేసి చూపే లెన్సు, కొత్త బ్లేడు, గుండుసూది, తెల్ల కాగితం ఉంటే చాలు. ఒక్క మొక్కతో సరిపెట్టుకోకుండా కాయలున్నవి మూడైనా వేళ్లతో సహా తీయండి.

మొదట కొమ్మల తీరు చూడాలి. అసలు నేల ఉసిరి (ఫిల్లాంథస్ అమారస్) ప్రధాన కాండం మీద మామూలు ఆకులుండవు, చిన్న పొలుసులే ఉంటాయి. ఆకులన్నీ పక్క రెమ్మల మీదే రెండు వరుసల్లో ఉంటాయి. ఆ రెమ్మను చూసి చింతాకులాంటి సంయుక్త పత్రమని పొరబడేవాళ్లే ఎక్కువ. రెమ్మను తిరగేసి చూడండి: ప్రతి ఆకు మొదట్లో ఓ పువ్వో కాయో వేలాడుతుంది. చింతాకు చిరుపత్రాల దగ్గర పూలు రావు. కాబట్టి ఇది రెమ్మే. ఒకవేళ కాండం మీద కూడా మామూలు ఆకులే ఉండి, అవి మొదట్లో సన్నగా, కొసన వెడల్పుగా ఉంటే అది ఫిల్లాంథస్ మదరాస్పటెన్సిస్. మన మెట్ట చేలలో ఇదీ బాగానే దొరుకుతుంది.

తర్వాత కాయ. అమారస్ కాయ నున్నగా, సుమారు 2 మిల్లీమీటర్ల వెడల్పుతో, చిన్న తొడిమకు వేలాడుతుంది. ఎర్ర ఉసిరిక (ఫిల్లాంథస్ యూరినేరియా) కాయకు తొడిమ దాదాపు ఉండదు, పైన గరుకు బుడిపెలుంటాయి. దాని ఆకు అంచున సన్నని నూగు లెన్సులో తెలుస్తుంది. రంగును మాత్రం నమ్మకండి. ఎండకు అమారస్ కాండం కూడా ఎర్రబారుతుంది.

కాయను బ్లేడుతో అడ్డంగా కోస్తే మూడు గదులు, గదికి రెండేసి గింజలు కనిపిస్తాయి. ఇది అన్నిటికీ ఒకటే, తేడా అంతా గింజ వీపు మీదే. సూదితో గింజను కాగితం మీదికి తీసి, వెలుతురు పక్కనుంచి పడేలా పట్టుకోండి. అమారస్‌కు నిలువు గాట్లు అయిదారు ఉంటాయి. యూరినేరియాకు అడ్డ గాట్లు పన్నెండు దాకా, ఒక్కోసారి పైనా ఉంటాయి. మదరాస్పటెన్సిస్‌కు చుక్కల వరుసలుంటాయి. లేత గింజ మీద గాట్లు ఏర్పడవు, కాయ ముదరాలి.

అందరినీ తికమక పెట్టేది ఫిల్లాంథస్ డెబిలిస్. కొమ్మలు, నున్నని కాయ, గింజ మీద నిలువు గాట్లు, అన్నీ అమారస్‌లాగే ఉంటాయి. ఇక్కడ పువ్వే తీర్పు చెప్పాలి. అమారస్ ఆడపువ్వుకు రక్షక పత్రాలు అయిదు, డెబిలిస్‌కు ఆరు. కాయ అడుగున అవి అంటుకునే ఉంటాయి కాబట్టి పువ్వు రాలినా లెక్కించవచ్చు. అయిదారు కాయలు చూశాకే నిర్ణయించండి, ఒకటి రాలిపోయి లెక్క తప్పవచ్చు. ఇంకో గుర్తు కూడా ఉంది. అమారస్‌లో ఒకే ఆకు మొదట్లో మగపువ్వు, ఆడపువ్వు జంటగా ఉంటాయి. డెబిలిస్‌లో రెమ్మ మొదట్లో మగవి, కొస వైపు ఆడవి ఒంటరిగా ఉంటాయి.

నమూనా దాచుకునేటప్పుడు కాయలను వేరే కాగితపు పొట్లంలో వేయండి. ఎండగానే అవి చిట్లి, గింజలు ఎగిరిపోతాయి. మొక్కను వార్తాపత్రికల మధ్య నొక్కి, మొదటి మూడు రోజులూ కాగితం మార్చాలి. లేకపోతే బూజు పట్టి ఆకులన్నీ రాలతాయి.